కొల్లప్ప మొదటి టెండరు

క్యాతగానచెర్లు చుట్టుపక్కల సర్కారు కట్టడాల్లో కొల్లప్ప చెయ్యి పడనిది వెతికి చూపడం కష్టం. అంగన్‌వాడీ, పశువుల ఆసుపత్రి, బడి వంటగది, ఎగువ ఊళ్లలో నీళ్ల ట్యాంకులు, అన్నీ ఆయన కట్టినవే. కానీ ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు. కాగితాల మీద ఉన్నది పావగడ బొమ్మన్న పేరు. బొమ్మన్న గుత్తేదారు. టెండరు పట్టి, ఇసుక, సిమెంటు దింపించి, "ఇంక నీదేనప్పా" అని కొల్లప్పకు అప్పగించి వెళ్లిపోయేవాడు. పునాదికి ముగ్గు పోయడం మొదలుకొని స్లాబు మీద నీళ్లు నిలపడం దాకా అంతా కొల్లప్పే చూసుకునేవాడు. కూలీలను తెచ్చుకోవడం, వాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం కూడా ఆయన పనే.

ఇందులో అన్యాయం ఉందని కొల్లప్పకు ఎప్పుడూ తోచలేదు. ఏ పనీ రాని రోజుల్లో చేరదీసి, బేల్దారి పని నేర్పించి, చేతికి తాపీ ఇచ్చినవాడు బొమ్మన్నే. ఆ విశ్వాసం ఆయనకు ఎప్పుడూ ఉంది.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. కొల్లప్ప మెట్టభూమి పలకల కిందికి పోయింది. వేరుశనగ వేసి మబ్బుల వైపు చూసే బాధ తప్పి, ఏటా కౌలు చేతికి రావడం మొదలైంది. అప్పుడు ఆయన భార్య రంగక్క పట్టుబట్టింది.

"ఎన్ని దినాలని ఇంకొకరి పేరు మీద కడతావు? ఇప్పుడు కాస్త ఊపిరి ఆడతాండాది కదా. నువ్వే లైసెన్సు చేయించుకో."

కొల్లప్ప వెనకా ముందూ ఆడాడు కానీ, చివరికి కింది తరగతి గుత్తేదారుగా పేరు నమోదు చేయించుకున్నాడు. ఆ ఏడే ఊరి హైస్కూలుకు మూడు గదులు కట్టే పనికి టెండరు పిలిచారు. పావగడలో కంప్యూటర్ అంగడికి పోయి, ధరావతు కట్టి, దేవుడికి దండం పెట్టుకుని టెండరు వేశాడు.

తెరిచి చూస్తే అందరికన్నా తక్కువ రేటు కొల్లప్పది. ఆయన తర్వాతి రేటు బొమ్మన్నది.

ఆ పేరు చూసి కొల్లప్పకు గురువు మీదే పోటీకి దిగానన్న బాధ ఒకవైపు, పని దొరికిందన్న సంతోషం ఒకవైపు. రెండూ ఎంతోకాలం నిలవలేదు. ఆయన టెండరు చెల్లదని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఇలాంటి కట్టడం ఇదివరకు పూర్తిచేసినవాడికే పని ఇవ్వాలన్నది షరతు. కొల్లప్ప తాను కట్టినవన్నీ రాసిచ్చాడు గానీ, ఆఫీసు రికార్డుల్లో అవి బొమ్మన్న కట్టినవి. ఇప్పుడు పని రెండో స్థానంలో ఉన్న బొమ్మన్నకు పోతుంది.

రంగక్క ఊరుకోలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని పావగడ కోర్టు దగ్గర వకీలు మంజుశ్రీ ఆఫీసుకు వెళ్లింది. మంజుశ్రీ వయసులో చిన్నదే అయినా, అడగాల్సినవన్నీ ఓపిగ్గా అడిగింది.

"టెండరు తోసేస్తే నెలలోపల అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉండాది అన్నా. భయపడొద్దు. పని చేసుండాల అన్నారు గానీ, సొంత పేరుతోనే చేసుండాల అని నోటీసులో యాడా రాయలే. ఇంకొకరి కింద గుత్తకు చేసింది కూడా అనుభవమే. అయితే నువ్వే కట్టినావని ఎవరన్నా చెప్పాల కదా. ఎవరు చెప్తారు?"

"బొమ్మన్న చెప్పాల."

"నీ టెండరు పోతే పని ఎవరికి?"

"బొమ్మన్నకే."

మంజుశ్రీ కలం కింద పెట్టింది. "ఇంకొక ఇబ్బంది కూడా ఉండాది. సర్కారు పని ఇంకొకరికి అప్పజెప్పాలంటే ఆఫీసు పర్మిషన్ తీసుకోవాల. ఆయప్ప తీసుకోలే. ఇప్పుడు నిజం చెప్తే ఆయప్ప మెడకే చుట్టుకుంటాది. కొన్నేండ్లు టెండర్లు వేయకుండా పక్కన పెట్టినా పెట్టొచ్చు."

"అయితే వద్దులే మేడమ్," అని కొల్లప్ప లేచాడు. రంగక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉన్న సంగతి చెప్పి అడుగుదాం. ఇష్టముంటే చెప్తాడు, లేకుంటే లేదు."

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్లాం పావగడ కొండ కింద ఉన్న బొమ్మన్న ఇంటికి పోయారు. కొల్లప్ప జరిగింది చెప్పాడు. నిజం చెబితే ఆయనకు వచ్చే చిక్కు కూడా దాచకుండా చెప్పాడు. బొమ్మన్న ముఖం గంటు పెట్టుకుని విన్నాడు.

"నా మీదనే టెండరు వేసి, మళ్లా నా దగ్గరికే వచ్చినావా?"

"నువ్వు వేసినావని తెలీదన్నా."

"తెలిసుంటే వేయకపోతుంటివా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కొల్లప్ప తలవంచుకునే చెప్పాడు. "తెలిసున్నా వేసుంటానేమో అన్నా. నీ దగ్గర అబద్ధం ఎందుకు చెప్పాల? నాకూ సొంతంగా ఒకటి కట్టాలని ఉండాది."

బొమ్మన్న లేచి లోపలికి పోయాడు. ఆయన భార్య ఇచ్చిన టీ తాగి, చేసేదేమీ లేక ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

బొమ్మన్న ఏ మాటా చెప్పకున్నా, రంగక్క పట్టుబట్టి గడువులోపలే అప్పీలు వేయించింది. విచారణ జిల్లా కేంద్రం తుమకూరులో జరిగింది. ఊళ్లో తెలుగు మాట్లాడినా, కన్నడ రాష్ట్రం కాబట్టి అక్కడ మాట్లాడేదంతా కన్నడమే. మంజుశ్రీ తన వాదన చెప్పింది. అనుమానముంటే వివరణ అడగాలి గానీ, అడగకుండా తోసేయడం న్యాయం కాదంది. ఆఫీసు తరఫున వచ్చిన ఇంజనీరు ఒప్పుకోలేదు. "ప్రతి మేస్త్రీ నేనే కట్టినానంటాడు సార్. నమ్మేదెట్లా?"

రెండో టెండరుదారు కాబట్టి బొమ్మన్నకూ నోటీసు వెళ్లింది. వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆయన మాత్రం అప్పుడే బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. అప్పీలు వింటున్న అధికారి అడిగితే లేచి నిలబడ్డాడు.

"ఆ కట్టడాలు నేను కట్టలేదు సార్. కట్టింది ఈ కొల్లప్ప. నేను సామాన్లు ఇచ్చినాను, అంతే."

"ఈయన టెండరు పోతే పని మీదేనని తెలుసా?"

"తెలుసు సార్."

"పర్మిషన్ లేకుండా పని అప్పజెప్పడం తప్పని తెలుసా?"

"అదీ తెలుసు. తప్పు నాది, ఆయనది కాదు. రాసిమ్మంటే రాసిస్తాను."

గదిలో ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో కొల్లప్పకు సరిగా వినబడలేదు.

బయటికొచ్చాక కొల్లప్ప బొమ్మన్న చేతులు పట్టుకున్నాడు. "ఎందుకన్నా ఇంత పని చేసినావు?"

"తెలిసున్నా వేసుంటానంటివే, ఆ మాటకు నాకు శానా కోపమొచ్చె. కోపం తగ్గినాక ఆలోచన చేసినా. నా పక్క కూర్చొని పొగిడిన ఇంజనీర్లందరూ నీ పనిని చూసి పొగిడినోళ్లే. నీ పేరు ఎవరూ అడగలే, నేనూ చెప్పలే. ఈపొద్దు అడిగినారు, చెప్పినా. ఆకలయితాండాది, యాడన్నా అన్నం తిందాం పదప్పా."

అప్పీలు గెలిచింది. ఆఫీసు మళ్లీ పరిశీలించి కొల్లప్పకే పని ఇచ్చింది. అనుకున్నట్టే బొమ్మన్నకు నోటీసు వచ్చింది. దానికి జవాబు మంజుశ్రీ రాసిచ్చింది, ఫీజు మాత్రం తీసుకోలేదు. తనంతట తానే ఒప్పుకున్నాడు, పనుల్లో లోపం లేదు కాబట్టి లిఖితంగా హెచ్చరించి వదిలేశారు. ఆ కబురు తెలిసేదాకా కొల్లప్పకు గదుల పని మీద మనసు కుదరలేదు. తెలిసిన రోజు రంగక్క పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పావగడకు బొమ్మన్న ఇంటికి పంపించింది.

స్లాబు వేసే రోజు బొమ్మన్న పొద్దున్నే వచ్చి, కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. మధ్యాహ్నం అందరితో కలిసి సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాడు. ఆ తర్వాతి ఏడు పావగడ సీమలో ఎవరూ చూడనంత వాన పడింది, చెరువులు తెగాయి. గదుల్లో ఒక్క చుక్క కారలేదు. అయినా కొల్లప్ప వానలో తడుస్తూ పోయి పైకప్పు చూసొచ్చాడు. ఏ లోపం వచ్చినా సొంత ఖర్చుతో సరిచేయాలని ఒప్పందంలో ఉంది గానీ, ఆయన పోయింది దానికోసం కాదు.

ఇప్పుడు కొల్లప్ప తన పనుల్లో ఏదైనా ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే ముందు ఆఫీసు అనుమతి తీసుకుంటాడు. నేల బండలు పరిచే కావేరికి అలా ఇచ్చిన పని పూర్తి కాగానే, ఆమె అడగకముందే ఆమె పేరుతో ధ్రువపత్రం ఇప్పించాడు. ఆమె నిడుగల్లులో సొంతంగా పని పట్టుకుంది.

బొమ్మన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. అయినా టెండర్లు వేయడం మానలేదు. కొల్లప్ప పావగడ పోయిన ప్రతిసారీ ఆయన్ను బండి మీద ఎక్కించుకుని పనుల దగ్గరికి తీసుకెళతాడు. కట్టిస్తున్న గోడ ఎవరిదైనా సరే, ఇద్దరూ చుట్టూ తిరిగి చూస్తారు. ఇంటికి వచ్చాక రంగక్క అడుగుతుంది, "అన్న ఎట్లుండాడు?" అని.

"బాగుండాడు," అంటాడు కొల్లప్ప. "సల్లగుండనీ."