ఎడమ పక్క తాళ్ళు

నిరుడు వర్షాకాలంలో మావారికి పక్షవాతం తగిలి పోయింది. మా చర్చి సంఘంలో అందరూ అలాగే అన్నారు, జల్లు కొట్టి వెళ్ళిపోయినట్టు. కొన్నాళ్ళు ఎడమ చెయ్యి లేవలేదు, మూతి పక్కకి పోయింది, తర్వాత రెండూ సర్దుకున్నాయి. ఏలూరు డాక్టరుగారు మాత్రం నన్ను విడిగా పిలిచి, రెండోసారి వస్తే ఇలా వదలదమ్మా, మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు అన్నారు. వేళ్ళకి సన్నపని ఏదైనా పెట్టమని కూడా చెప్పారు.

ఆ సన్నపని కోసమే తాడేపల్లిగూడెంలోని మా ఇంటికి ఓడ వచ్చింది. పాతకాలపు యుద్ధనౌక నమూనా, కొరియర్లో ముక్కలు ముక్కలుగా దిగింది. మూడు తెరచాప కొయ్యలు, రెండు పక్కలా ఫిరంగుల వరసలు.

"శాంతి సువార్త చెప్పుకునే ఇంట్లో ఈ ఫిరంగులేంటండీ?" అన్నాను.

"ఇవి పేలవు లేవే. మీ స్త్రీల సమాజం కన్నా నెమ్మది."

డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మనిషి కనుక చెక్కపని తొందరగానే అయింది. తాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించింది. ప్రతి కొయ్యకీ పైనుంచి ఓడ అంచుదాకా రెండు పక్కలా తాళ్ళు దిగాలి. వాటి మీద నావికులు ఎక్కడానికి నిచ్చెన మెట్లలా అడ్డంగా దారాలు, దారం తాడుని దాటే ప్రతిచోటా ముడి. నేను దారానికి తేనెమైనం రాసి అందిస్తే ఆయన ముడివేసేవారు. ఎడమ పక్కవి ఎడమ చేత్తో, కుడి పక్కవి కుడి చేత్తో బిగించాలని నియమం పెట్టుకున్నారు. చేతికి అదే కసరత్తు అన్నారు. రెండు పక్కలా సమానంగా లాగి పడితేనే కొయ్య నిటారుగా నిలుస్తుంది.

క్రిస్మస్ ఆరాధనలో ఆయన సాక్ష్యం చెప్పారు. ఎడమ చెయ్యి పైకెత్తి, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు అన్నారు. మందిరమంతా స్తోత్రం స్తోత్రం అంది. ఆ దినం నా గుండె నిండిపోయింది. దేవుడు చేసిన మేలు నేను ఇప్పటికీ కాదనను. కానీ మా దగ్గర సాక్ష్యమంటే జనం ముందు ఇచ్చిన మాట. చెప్పినవాళ్ళు మళ్ళీ మంచాన పడితే, విశ్వాసం జారిపోయిందంట అని మందిరం మెట్ల మీదే గుసగుసలు మొదలవుతాయి.

ఎండలు ముదిరాక నడిమి కొయ్య కుడికి ఒరగడం చూశాను.

"ఏవండీ, ఇది వాలినట్టు లేదూ?"

"కొల్లేటి గాలే. చెమ్మకి చెక్క ఒంగుద్ది."

ఆ నెలల్లో కొల్లేట్లోనే నీళ్ళు ఇంకిపోయి ఉంటాయి. మా ఇంటికి చెమ్మ ఎక్కడినుంచి వస్తుంది? ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తాళ్ళు తాకి చూశాను. కుడివి కొత్తగా అల్లిన నవారులా బిగువుగా ఉన్నాయి. ఎడమవి తడిబట్టల బరువుకి జారిన దండెంలా వేలాడుతున్నాయి.

ఆ వారంలోనే పెంటపాడులో కుటుంబ ప్రార్థనకి వెళ్ళి వచ్చేసరికి కొయ్య నిటారుగా ఉంది. స్తోత్రం తండ్రీ అనుకున్నాను. దుమ్ము తుడుద్దామని గుడ్డ ఆనించానో లేదో, కొయ్య ఊగింది. కుడి పక్క ముడులన్నీ విప్పి, ఎడమ పక్క ఎంత వదులో అంత వదులుగా మళ్ళీ కట్టారు. చూడ్డానికి తిన్నగా ఉంది. పట్టి ఉంచేది ఏమీ లేదు.

అంటే ఎడమ చేతిలో పట్టు తగ్గిందని ఆయనకి తెలుసు. చేతులు కడుక్కోకుండానే ఆయన సొరుగు తీశాను. నేను నెలనెలా తెచ్చిన మాత్రలు, చింపని అట్టలతో అలాగే ఉన్నాయి.

"ఎందుకు మానేశారండీ?"

ముడులు చూసుకునే భూతద్దం ఆయన కింద పెట్టలేదు. "అంతమంది ముందు బాగయ్యానని చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగమంటావా?"

"బైబిల్లో అపొస్తలుడి వెంటే వైద్యుడు తిరిగాడు కదండీ!"

"తిరిగాడు. మాత్ర ఇచ్చినట్టు ఎక్కడుందో చూపించు. సండే స్కూలు టీచరువి కదా."

ఆ ఎకసెక్కానికి ఇంకో రోజైతే నవ్వేదాన్ని. చెప్పులు వేసుకుని పాస్టరు అయ్యగారింటికి నడిచాను. నా మాట వినని మనిషి ఆయన మాట వింటారని నా ఆశ. చెప్పిందంతా విని అయ్యగారు కారు తీసి నాతో వచ్చారు. ఓడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మాస్టారూ, నేను షుగరు మాత్ర వేసుకునే వాక్యం చెప్పడానికి నిలబడతానండీ. నా ప్రసంగాలు చెల్లవంటారా?"

"మీ ప్రసంగాలు వినడానికి మాకే మాత్ర కావాలండీ అయ్యగారూ."

ఇద్దరూ నవ్వారు. కానీ మావారి మాట చివర్లో ముద్దగా వచ్చింది, నోట్లో కిళ్ళీ ఉన్నట్టు. ఆయనకి కిళ్ళీ అలవాటు లేదు. అయ్యగారి నవ్వు ఆగిపోయింది.

"అమ్మగారూ, తాళం వెయ్యండి. ఏలూరు వెళ్దాం."

"ఇప్పుడెందుకండీ, ఎండగా?" అన్నారు మావారు. అయినా లేచారు. లేస్తూ బల్ల పట్టుకున్నారు.

ప్రార్థన చెయ్యకుండా అయ్యగారు బండి తియ్యడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ దినం చూశాను. భీమడోలు దాటాక కిటికీలోంచి చేపల చెరువులు కనబడుతూ వచ్చాయి. గాలి లేదు, నీళ్ళమీద ముడత లేదు. వెనక సీట్లో ఆయన ఎడమ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. వేళ్ళు నొక్కాను. నొక్కుతున్నట్టు ఆయనకి తెలిసినట్టే లేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు మావారిని మంచం అంచున కూర్చోబెట్టారు. "కళ్ళు మూసుకోండి మాస్టారూ. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు పైకి పెట్టి, నేను చెప్పేదాకా అలాగే ఉంచండి."

ఆరాధన ముగింపులో ఆశీర్వాదం అందుకోవడానికి మేం చేతులు అలాగే పెడతాం. ఆయనకి కొత్తేమీ కాదు. కళ్ళు మూసుకున్నారు. ముఖం నెమ్మదిగా ఉంది. కుడి చెయ్యి నిలిచింది. ఎడమ అరచెయ్యి కొద్దికొద్దిగా లోపలికి తిరిగి, కిందికి దిగడం మొదలుపెట్టింది. అయ్యగారు నావైపు చూశారు. డాక్టరుగారు నర్సుకి సైగ చేసి, నన్ను మాట్లాడవద్దన్నట్టు వేలు చూపించారు. చెయ్యి మోకాలికి ఆనింది.

"ఎంతసేపండీ ఇంకా?" అన్నారు మావారు, కళ్ళు తెరవకుండా. "రెండూ సమంగానే ఉన్నాయి కదా."