లుంగీ లేబుల్ మీది పెదనాయన

పోయిన వారం తెల్లవారుతుండగా మా ఊరు గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నాయన పోయినాడు. నిద్దర్లోనే. నువ్వు బయలుదేరి రా" అన్నాడు మా పెదనాయన కొడుకు. వేలూరులో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. పక్క సీటాయన కంగారుపడి ఏమయిందని అడిగాడు. మా పెదనాయన పోయాడని చెప్పి ఊరుకున్నాను. ఇంకో మాట చెబితే ఆయన కూడా గుర్తుపట్టేవాడేమో. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల లుంగీ కొన్న ప్రతి మగవాడూ మా పెదనాయన ముఖం చూసినవాడే.

మాది తెలుగు నేతవాళ్ళ కుటుంబం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసిన లుంగీలను గుడియాత్తం బజారులో ఒక కొట్టుకు వేసేవాళ్ళం. ఆ కొట్టు యజమానిని అందరూ మొదలాళి అనేవాళ్ళు. మడతపెట్టిన ప్రతి లుంగీ మీదా ఆయన ఒక రంగుల కాగితం లేబుల్ అంటించేవాడు. అందులో చొక్కా లేకుండా, గళ్ళ లుంగీ కట్టుకుని, ఒక చేత్తో అంచు పట్టుకుని, బొజ్జ ముందుకు పెట్టి నవ్వుతున్న మనిషే మా పెదనాయన. రోడ్డు మీద పోతుంటే పిల్లలు "లేబుల్ తాతా" అని అరిచేవాళ్ళు. ఆయన బొజ్జ తట్టి చూపించి నడిచిపోయేవాడు.

ఆ ఫోటో కథ ఆయన నోటే వినాలి.

"కడుపు లోపలికి లాగమన్నాడప్పా ఆ ఫోటోగ్రాఫరు. లాగినా. లుంగీ జారింది. మళ్ళా కట్టినా, మళ్ళా లాగమన్నాడు, మళ్ళా జారింది. మొదలాళికి నవ్వాగలా. 'లుంగీ అమ్మల్లంటే ముందు లుంగీ నిలవల్ల గదా, ఆయన కడుపు జోలికి పోవద్దు సామీ' అన్నాడు. అట్ల తీసిన బొమ్మ అది."

కొత్త గళ్ళు నేసినప్పుడల్లా మొదటి లుంగీని ఆయనే కట్టి చూసేవాడు. కట్టుకుని గొంతుకూర్చునేవాడు, సైకిలెక్కేవాడు, వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు. చివరికి నడుముకూ బట్టకూ మధ్య రెండు వేళ్ళు దూర్చేవాడు. వేళ్ళు పడితే సరే. "ఊపిరి వదిలి కట్టల్ల. బిగబట్టి కడితే సాయంత్రానికి నడుము కోసకపోతాది" అనేవాడు. లుంగీ మీద ఆయనకున్న గౌరవం మరే బట్ట మీదా లేదు. "చొక్కాకు సైజు ఉండాది, చెప్పుకు సైజు ఉండాది. దీనికి లేదు. మనిషి కడుపు పొద్దున ఒకమాదిరి, అన్నం తిన్నంక ఒకమాదిరి. దాన్ని తప్పుపట్టని గుడ్డ ఇదొక్కటే."

తర్వాత మా వీధిలోకి కేబుల్ టీవీ వచ్చింది. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులు. కూల్ డ్రింక్ తాగేవాడికీ బనీను వేసుకునేవాడికీ కూడా కండలు కావలసి వచ్చాయి. మొదలాళి ఒకరోజు పెదనాయనను పిలిచి, ఏమీ అనుకోవద్దు, లేబుల్ మార్చాలనుకుంటున్నాను, ఈ కాలంలో బొజ్జ చూసి ఎవరూ కొనడం లేదు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని నేను తల దించుకున్నాను. ఆయన టీ గ్లాసు ఖాళీ చేసి, "మా తమ్ముడి కొడుకు ఉండాడు గదా, మంచి పొడగరి. వీణ్ణి పెట్టు" అన్నాడు.

నాకు అప్పుడు ఇరవై దాటాయేమో. ప్రకటనల్లో కనిపించాలన్న పిచ్చి బాగా ఉండేది. మద్రాసు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు నన్ను చొక్కా విప్పమని, చుట్టూ తిరిగి చూసి, ముఖం పరవాలేదు గానీ ఒళ్ళు చాలదన్నాడు. రెండు నెలలు గడువిచ్చాడు. నేను వేలూరులో ఒక జిమ్ములో చేరి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. గోడల నిండా నూనె రాసుకున్న విదేశీ వస్తాదుల బొమ్మలు. రాగి సంగటి మానేశాను, అన్నం మానేశాను. గుడ్డులో తెల్లసొన తిని పచ్చసొన పక్కన పెడుతుంటే మా పెద్దమ్మ నన్ను పురుగును చూసినట్టు చూసేది. అద్దం ముందు నిలబడితే నాకు మనిషి కనిపించేవాడు కాదు. చాలని ఛాతీ, మిగిలిన నడుము, వంగిన భుజాలు, అంతే. మగ్గం మీద వంగి వంగి వచ్చిన భుజాలవి. మా నాయనవీ అంతే, పెదనాయనవీ అంతే. వాటిని చూసి నేను సిగ్గుపడ్డాను. నా ఒంటిని నేను నిజంగానే అసహ్యించుకున్న రోజులవి.

ఫోటో వేలూరులో ఒక స్టూడియోలో. నీళ్ళు మానితే కండలు తేలతాయని జిమ్ము మాస్టరు చెప్పడంతో ముందురోజు నుంచి చుక్క ముట్టలేదు. లుంగీల మూట మోసుకుని పెదనాయన కూడా వచ్చాడు. లైట్ల వేడిలో కడుపు లాగి పట్టుకుని నిలబడ్డాను. కొన్ని ఫోటోలు తీశారు. ఆ తర్వాత నేల పైకి లేచి వచ్చినట్టయింది. కళ్ళు తెరిచేసరికి నా తల పెదనాయన ఒళ్ళో ఉంది. ఆయన చెయ్యి నా నడుము దగ్గర లుంగీ ముడి వదులు చేస్తోంది.

"యాడ నొప్పి నాయనా? నీళ్ళు తాగు ముందు."

ఎదురుగా ఉన్న హోటలుకు నడిపించుకుపోయి ఇడ్లీ పెట్టించాడు. నేను ప్లేటు జరిపేశాను. "ఇంకా ఫోటోలుండాయి పెదనాయనా. తింటే కడుపు కనిపిస్తాది."

"కడుపు ఉండాది, కనిపిస్తాది. ఉండేదాన్ని లేదని యెన్నాళ్ళు చెప్తావప్పా?"

నేను తింటూ ఏడ్చాను. ఆయన సాంబారు ఇంకొంచెం పొయ్యమని చెప్పి, నా వైపు చూడకుండా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్యాద నేనెప్పటికీ మరచిపోలేను.

మొదలాళికి నచ్చింది మాత్రం నేను పడిపోకముందు తీసిన బొమ్మే. లేబులయింది, బజారులో పెద్ద పోస్టరయింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పోస్టరు కింద నడవాలంటే ఒళ్ళు ముడుచుకుపోయేది. అప్పటికి అన్నం తింటున్నాను, నడుము మళ్ళీ నిండింది. నా బొమ్మను చూసి నాకే అసూయ. మళ్ళీ తిండి మానేద్దామని లోపల అనుకుంటూనే ఉన్నాను. అది ఆయనెలా పసిగట్టాడో తెలియదు, ఒక సాయంత్రం నన్ను తీసుకుపోయి ఆ పోస్టరు ముందు నిలబెట్టాడు.

"బాగుండాడు. కానీ వీడు నువ్వు కాదు. నా లేబుల్లో ఉండేవాడు నేను కాదు. నాకు పంటినొప్పి వచ్చిన పొద్దు కూడా వాడు నవ్వతానే ఉన్నాడు. బొమ్మకు ఆకలి కాదప్పా, నీకవుతాది. దాని పని అది చేస్తాది. నువ్వు ఇంటికి పోయి సంగటి తిను, మీ పెద్దమ్మ పప్పు చేసింది."

ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. ఒక్కపూటతో అంతా నయమైపోయిందని చెప్పను. తర్వాత చాలా ఏళ్ళు బట్టల కొట్ల క్యాలెండర్లకూ సినిమాహాలు స్లైడ్లకూ నిలబడ్డాను. ఇప్పుడు వేలూరులో నాకే ఒక చిన్న స్టూడియో ఉంది. ఇప్పటికీ కొన్ని రోజులు అద్దం గుచ్చుతుంది. అప్పుడు ఊపిరి పూర్తిగా వదిలి, బొమ్మకు ఆకలి కాదన్న ఆయన మాట గుర్తు చేసుకుని, పనిలో పడతాను. నా దగ్గరికి ఫోటోకు వచ్చే కుర్రాళ్ళూ అమ్మాయిలూ ముఖం పీక్కుపోయి వస్తే, ముందు టిఫిను తర్వాతే లైట్లు. "కడుపు కనిపిస్తుంది సార్" అంటారు. కనిపించనీ అంటాను. అది నచ్చక నన్ను వదిలేసిన కొట్లున్నాయి. పోతే పోయాయి.

ఈ మధ్య చక్కెర జబ్బు పెదనాయనను బాగా తీసేసింది. ఆ బొజ్జ యాడికి పోయిందని ఎవరైనా అడిగితే, "లేబుల్లో ఉండేవాడు నా వంతు కూడా తింటా ఉండాడు" అని నవ్వేవాడు. లావుగా ఉన్నప్పుడు దాచుకోనట్టే సన్నబడ్డాకా ఏమీ దాచుకోలేదు. నడుము చుట్టూ ఇంకో మడత ఎక్కువ వేసుకుని, రెండు వేళ్ళు దూర్చి చూసుకుని, వీధిలోకి పోయేవాడు.

నేను చేరేసరికి స్నానం చేయించారు. పెద్దలు తెల్ల పంచ తెచ్చి పెట్టారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఆ మనిసి పెండ్లినాడు తప్ప పంచ కట్టింది యాడ?" అని పెట్టె తెరిచి, ఎప్పటిదో కట్టని లుంగీ ఒకటి తీసింది. దాని మీద పాత లేబుల్ ఇంకా అంటుకునే ఉంది. ఆ బొజ్జ, ఆ నవ్వు. పెద్దమ్మ దాన్ని చిరగకుండా ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. లుంగీ నా చేతికిచ్చి, "నువ్వు కట్టు నాయనా" అంది.

ఇద్దరు ఆయన్ను కొంచెం పైకెత్తి పట్టుకున్నారు. నేను లుంగీ చుట్టి ముడి వేయబోతూ అలవాటుగా ఆగాను. ఎందుకు ఆగానో ఒక క్షణానికి గానీ అర్థం కాలేదు. ఆయన ఊపిరి వదలడం కోసం చూస్తున్నాను. తర్వాత నేనే ఊపిరి వదిలి ముడి వేశాను. నడుముకూ బట్టకూ మధ్య రెండు వేళ్ళు దూర్చాను. సరిగ్గా పట్టాయి. అందరూ కానివ్వమంటున్నా, ఆ చల్లటి నడుము దగ్గర నుంచి వేళ్ళు తీయబుద్ధి కాలేదు.