మామ పారేసిన రింగు

మా కింది ఇంటి మామ పోయాడన్న ఫోను వచ్చినప్పుడు నేను ఆస్పత్రి రికార్డుల గదిలో ఉన్నాను. పొద్దున టీ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట, అంతే. మర్నాడు కాగితాలు తేలాయి, సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత జెద్దాలోనే ఖననం చేశారు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఉండిపోయాం. మామ ఇక రాడు సరే, పెరట్లో ఆయన సగం గీకి వదిలిన గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది.

ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్ళ మంచితనం గురించి రాయాలి. రాస్తాను. కానీ నాకు మామ మీద ఇంకా చిరాకుగానే ఉందని మీకు ముందే చెప్పడం నయం.

ఆయన కడప మనిషి, నాది అనంతపురం. ఏసీలు బాగుచేస్తూ ఇక్కడే ముసలివాడయ్యాడు. మేం ఈ బిల్డింగులోకి దిగిన కొత్తలో నేను మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతుంటే, కింది తలుపు తీసి "ఎవురుమా అది, మనోళ్ళేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మామ, ఆయన భార్య అత్త. మా ఆయనది రియాద్‌లో ఉద్యోగం. నేను ఒంటరిగా ఉంటానని మామకు బెంగ. ఏసీ చప్పుడు మారినా, కుళాయి కారినా పిలవకుండానే వచ్చేవాడు. నేను మేకు కొడుతుంటే సుత్తి లాక్కునేవాడు. "నువ్వుండు పాపా" అనేవాడు. నలభై దాటినదాన్ని, ఎమ్మెస్సీ చదివినదాన్ని, సుత్తి పోగొట్టుకుని పక్కన నిలబడేదాన్ని. అది ప్రేమో, నా చేతుల మీద నమ్మకం లేకపోవడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మామకు ఇంకో అలవాటుంది. ఏ సామాను కొన్నా అంగట్లోనే డబ్బా విప్పి పారేసి, లోపలి వస్తువును సంచిలో వేసుకుని వచ్చేవాడు. గోడ కథంతా అక్కడే చెడింది.

సముద్రపు గాలికి వాళ్ళ పెరటి గోడలో ఇటుకల మధ్య సిమెంటు పిండిలా రాలిపోతోంది. ఆ గోడకు అవతలే వాళ్ళ గది, చెమ్మ అత్త మంచం దాకా వచ్చింది. ఆమెకు ఆయాసం. ఇంటి యజమానిని అడిగితే "బుక్రా" అన్నాడు. "ఆయప్ప రేపు అంటే మన మునిమనవళ్ళ కాలంలే" అని మామ తనే పూనుకున్నాడు. సందుల్లో పాడైన సిమెంటు గీకి తీసి, కొత్తది నింపాలి. ఇనుము కోసే చేతి గ్రైండరు ఆయన దగ్గర ఉంది. దాని మెడకు బిగించే అటాచ్‌మెంటు ఒకటి కొనుక్కొచ్చాడు, ఎప్పటిలాగే డబ్బా లేకుండా. సన్నటి ముల్లులాంటి బిట్టు, అది ఎంత లోతు దిగాలో ఆపే తొడుగు, తొడుగును మెడకు పట్టించే కాలరు.

బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఎవరూ పొరపాటున పెట్టకుండా ప్లగ్గు తీసి భుజం మీద వేసుకున్నాడు. పానాతో కోత బిళ్ళ విప్పాడు, గార్డు తీశాడు, కాలరు తొడిగాడు. అది మెడ చుట్టూ గాజులా తిరిగింది.

నేను ఫోన్లో ఆ అటాచ్‌మెంటు బొమ్మ వెతికి చూపించాను. "మామా, దీంతో ఒక రింగు రావాలి. కాలరుకీ మెడకీ మధ్యన పెట్టేది. డబ్బాలో పోయినట్టుంది."

"ఆ బొమ్మ గీసినోడు మన మిషను సూసినాడా?"

"చూడకపోయినా కొలత కొలతే కదా. వదులుగా ఉంది, పట్టదు."

"నువ్వుండు పాపా. పట్టుకుంటాదిలే. డబ్బాలన్నీ ఇంట్లో పెట్టుకుంటే మనం యాడ పండుకోవాల?"

నెయ్యి డబ్బా మూత కత్తిరించి, ఆ రేకును మెడకు చుట్టి, దాని మీద కాలరు బిగించాడు. వంటింట్లోంచి అత్త అడిగింది, "నేతి డబ్బా మూత యాడ బెట్నావు?"

"దానికి ఉద్యోగమొచ్చింది" అన్నాడు మామ.

ఒక వరస బాగానే వచ్చింది. రెండో వరసలో కాలరు జారి, తొడుగు పక్కకు తిరిగి, బిట్టు ఇటుకలోకి దిగింది. మామ ఆపి చూసి, "ఈ ఇటికె మెత్తగుంది" అన్నాడు. ఇక వరసకొకసారి విప్పడం, బిగించడం. సాయంత్రాలన్నీ దానికే. నేను రింగు సంగతి ఎత్తితే అదే మాట, "నువ్వుండు పాపా." సగం గోడ అయింది. అప్పుడే పోయాడు.

ఇప్పుడు అత్త ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు. అది ముగిసేదాకా పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదు. ఉన్నది ఒక్క గది, వంటిల్లు, ఆ పెరడు. మేస్త్రీని పిలుద్దామంటే, "ఇప్పుడొద్దుమా. నేను యాడ దాంకోవాల?" అంది. గీకిన సందులన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ముందుకంటే ఎక్కువ దుమ్ము. ఆమె దగ్గు మా ఇంటికి వినిపిస్తోంది. వేరే ఎవరూ లేరు, నేనే చెయ్యాలి.

ప్లగ్గు భుజాన వేసుకుని కూర్చున్నాను. ఆయన చేసినట్టే అన్నీ చేశాను. మూత రేకు నలిగి ముక్కలైంది. సామాన్ల అంగడికి వెళ్ళి అడిగితే, "రింగ్ అలగ్ నహీ మిల్తా మేడమ్" అన్నాడు మలబారీ కుర్రాడు, రింగు విడిగా దొరకదట. పూర్తి సెట్ ఎప్పుడొస్తుందంటే భుజాలెగరేశాడు. ఇంకో రేకు కత్తిరించి చుట్టాను. మిషను పెట్టగానే కాలరు తిరిగి, గ్రైండరు చేతుల్లోంచి ఎగరబోయింది. ఆపేసి అక్కడే కూలబడ్డాను. నేను చెప్పిందే నిజమైంది. ఆ నిజాన్ని ఎవరికి చెప్పుకోను? ఆయనతో ఇంకొక్కసారి వాదించి గెలవాలనిపించింది. గెలిచినా ఒప్పుకునేవాడు కాదనుకోండి.

అత్త వచ్చి మిషన్ని చూసింది, నన్ను చూసింది. లోపలికి వెళ్ళి ఒక ఉలి, కూరలు తరిగే పాత కత్తి తెచ్చింది.

"అత్తా, దుమ్ము. నువ్వు లోపలికి పో."

"మూతికి గుడ్డ కట్టుకుంటాలే. మీ మామ ఉండుంటే మనల్ని ముట్టనిచ్చేవాడా?"

"ఇవ్వడు."

"దానికే పోయినట్టుండాడు."

మూతికి గుడ్డ కట్టుకుని కత్తితో ఒక సందు గీకడం మొదలుపెట్టింది. ఆమే ముందు నవ్వింది, దగ్గింది, మళ్ళీ గీకింది. మిషను గంటలో చేసే పని మాకు రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో సందు ఒక్కో లోతు, మా వరసలు ఆయన వాటికంటే వంకరగా వచ్చాయి. సిమెంటు కలిపి వేళ్ళతోనే కూరాం. గోడ అందంగా లేదు. చెమ్మ ఆగుతుందో లేదో వానాకాలం లేని ఈ ఊళ్ళో నాకెలా తెలుస్తుందో తెలియదు. బాగా చేశామని చెప్పలేను.

నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పెరట్లోకి తొంగిచూశాను. అత్త చిన్న పీట వేసుకుని, గోడకెదురుగా కూర్చుని, బకెట్లోంచి దోసిలితో నీళ్ళు తీసి కొత్త సిమెంటును తడుపుతోంది. తడిసినచోటల్లా గోడ నల్లబడి, ఆ ఎండకు చూస్తుండగానే తెల్లబడిపోతోంది.

"అప్పుడే తాగేసింది సూడు" అంది గోడవైపే చూస్తూ, మళ్ళీ దోసిలి ముంచింది.