నలుగు పెట్టిన చోట

ముప్పై దాటాక నా మోచేతుల మీద మొదలైన సోరియాసిస్ మెల్లగా మోకాళ్ళదాకా పాకింది. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం అలవాటైపోయింది. కానీ ఏడో తరగతి చదివే మా అమ్మాయి మోచేతి మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, దానిమీద తెల్లటి పొట్టు చూసినప్పుడు, నా చొక్కా చెయ్యి పైకి లాగి పక్కన పెట్టి చూసుకున్నాను.

నేను ఇళ్ళకి ఎస్టిమేట్లు వేస్తాను. మేస్త్రీల వెంట తిరిగి సొంతంగా నేర్చుకున్న లెక్క. ఏ సంగతైనా అంకెలోకి వస్తేనే నాకు ధైర్యం. మా నాన్నకి ఈ జబ్బు లేదు, మా అన్నకి లేదు, నాకు వచ్చింది. ఈ లెక్కన పిల్లకి రావాలా, రాకూడదా? ఎటు వేసినా తేలలేదు.

మా అమ్మ అది మట్టి అంది. ఆదివారం పిల్లకి తలంటి పోస్తూ ఒంటికి నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, ఎండు బీరపీచుతో మోచేతి నుంచి మణికట్టుదాకా తోమింది. అంత గట్టిగా వద్దన్నాను.

"నీ లెక్కలు ఇటికెల దగ్గర చూపించు. నలుగు పెట్టడం కూడా నీ దగ్గరే నేర్చుకోవాలా?" అంది.

పిల్ల పళ్ళు బిగపట్టి నిలబడింది.

రెండు మూడు వారాలకి పీచు గీరుకున్న చోటల్లా, గీతలు గీతలుగా పొట్టు లేచింది. మా అమ్మ ఆ చెయ్యి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కోరుకొండలో బస్సెక్కి, రాజమండ్రిలో చర్మం డాక్టరమ్మగారికి పిల్లని చూపించాను. ఆవిడ ఆ గీతలు చూడగానే ఎవరు తోమారని అడిగారు. సోరియాసిసేనని చెప్పారు. క్రిములతో పోరాడాల్సిన రక్షణ కణాలు పొరబడి సొంత చర్మం మీదే పడతాయట. ఆ గొడవలో, దాదాపు నెల పట్టాల్సిన కొత్త చర్మం కొద్దిరోజుల్లోనే పైకి తోసుకొచ్చి పొట్టుగా పేరుకుంటుందట. ఇలాంటి ఒంటికి ఎక్కడైనా గీరుకుంటే, ఆ కణాలు అక్కడికీ చేరొచ్చట. అంటుకునే జబ్బు కాదనీ, మందులతో అదుపులో పెట్టొచ్చనీ అన్నారు.

నేను అడగాల్సింది వేరే ఉంది.

"నా నుంచే వచ్చిందాండి? సగమా, పావా?"

"మీ నుంచి వచ్చింది జబ్బు కాదండి, జబ్బు వచ్చే వీలు. అది ఒక్క జన్యువు పని కాదు, చాలా ఉంటాయి. వాళ్ళమ్మ వైపువీ ఉండొచ్చు. ఆ వీలు ఉన్నా చాలామందికి ఎప్పటికీ రాదు. గొంతునొప్పో, దెబ్బో, దిగులో ఏదో ఒకటి దాన్ని లేపుతుంది. ఇంత అని నేను చెప్పలేను."

ఊరట కోసం చెప్పిన మాటే నన్ను ఇంకా భయపెట్టింది. పిల్లకి జలుబు చేయకుండా, సైకిలు మీంచి పడకుండా, దిగులు పడకుండా ఎవరు కాపలా కాయగలరు?

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుని, "నాన్నా, దోమ కుట్టినచోట గోక్కున్నా వస్తుందా?" అంది.

రాదమ్మా అన్నాను. అంటూనే నా చూపు దాని పిక్క మీదికి పోయింది. అక్కడ గోళ్ళ గీతలు ఎర్రగా ఉన్నాయి. పిల్ల నా చూపు కనిపెట్టింది. గౌను కిందికి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఊరొచ్చేదాకా అలాగే కూర్చుంది.