రోము నుంచి వచ్చిన పోపు

మొన్న ఆదివారం మా మనవరాలు సాకేత్ మాల్ నుంచి ఒక సీసా తెచ్చింది. పైన ముసలి దొరసాని బొమ్మ, లోపల టమాటా సాస్. దాన్ని పాస్తా మీద గుమ్మరించి, "నానీ, బిల్కుల్ ఘర్ జైసా హై" అని, అచ్చం ఇంటి వంటలాగే ఉందంటూ నా నోట్లో చెంచా పెట్టింది. నాలుగు టమాటాలు ఉడకబెట్టుకోవడం చేతకాని వాళ్ళకు ఇంటి రుచి ఎలా ఉంటుందో మాత్రం భలే తెలుసు. ఆ వెగటు తీపి మింగుతుంటే చాలా ఏళ్ళ తర్వాత మా తోడికోడలు గుర్తొచ్చింది.

మా బావగారు పెద్ద ఆఫీసరు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు రోములో ఉండి వచ్చి సాకేత్‌లో కాపురం పెట్టారు. మావారిది ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో ఉద్యోగం, మాది రెండు గదుల ఇల్లు. ఒంగోలులో గోంగూర తిని పెరిగిన మా తోడికోడలు, రోము చూసొచ్చాక గోంగూర మాటెత్తితే ముక్కు చిట్లించేది. మనవాళ్ళకు తినడమే రాదనేది. ఆఫీసర్లనూ వాళ్ళ భార్యలనూ ఇటలీ భోజనానికి పిలిచినప్పుడల్లా నాకూ కబురొచ్చేది. విందుకు అనుకునేరు, టమాటాల తొక్క తీయడానికి. చంటిపిల్లను చంకనేసుకుని, బస్సులు మారి, వెర్రిదానిలా వెళ్ళేదాన్ని. ఒక్కసారైనా ఆవిడ నన్ను ఆ బల్ల దగ్గర తన పక్క కుర్చీలో కూర్చోమంటుందని, వంటమనిషికీ ఇంటి చిన్నకోడలికీ తేడా ఉందని నలుగురికీ తెలుస్తుందని నా ఆశ.

ఇంతకీ ఆ సాస్‌లో ఏముందని? టమాటాలను మరిగే నీళ్ళలో ముంచి తొక్క ఒలిచి, చేత్తో నలిపి, నూనెలో వెల్లుల్లి మాడకుండా వేయించి, ఇవి కలిపి ఉప్పేసి, నూనె పైకి తేలేదాకా సన్నసెగ మీద వదిలేయడమే. మన పచ్చడికి పడే కష్టంలో సగం లేదు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆలివ్ నూనె కిరాణా కొట్లో దొరికేది కాదు, పసిపిల్లల ఒంటికి రాయడానికని మందుల షాపులో చిన్న డబ్బాల్లో అమ్మేవారు. మా పాప కోసం నేను సంచిలో పెట్టుకెళ్ళిన డబ్బాతోనే ఆవిడ రోము వంట సాగేది. నూనె అక్కణ్ణించే తెప్పిస్తారా అని అతిథులు అడిగితే ఆవిడ కాదనేది కాదు.

ఒక చలికాలం ఆవిడ ముస్తాబులో ఉండిపోవడంతో సాస్ మొత్తం నేనే చేశాను. చక్కగా కుదిరింది. ఆవిడ పట్టుచీరతో వచ్చి రుచి చూసి, ఇంకోసారి చూసి, ఏదో తక్కువైందని గొణిగింది. నేను చూస్తుండగానే మూకుడు పెట్టి ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయించి చుయ్యిమనిపించి గిన్నెలో కుమ్మరించింది. రోములో అన్నేళ్ళుండి వచ్చినా పోపు పడందే వంట ముగిసినట్టనిపించలేదు ఆ మహాతల్లికి. ఇక ఆ అతిథులో, పళ్ళ కింద ఆవాలు పడుతున్నా అసలైన ఇటలీ రుచి ఇదేనని లొట్టలేశారు. ఎవరు చేశారని ఒకావిడ అడిగింది. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"నేనేనండీ. మా చెల్లాయి టమాటాలు ఒలిచింది."

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు లోపలే తినేయవే, మళ్ళీ పాప లేస్తుంది" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచీ ఆవిణ్ణి మనసారా ఈసడించుకున్నాను. బంధువుల పెళ్ళిళ్ళలో ఆ పోపు సంగతి చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించాను. అది ఆవిడ చెవిన పడింది కూడా. అయినా పిలవడం మానలేదు, నేనూ వెళ్ళడం మానలేదు. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటివాళ్ళను ఈసడించుకోవాలన్నా ఓపిక ఉండడం లేదు, ఆవిడ కనీసం పొయ్యి దగ్గర నిలబడి అబద్ధమాడేది. ఈ రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా ముందు నన్నే కూర్చోబెడతారు, ఆంటీకి మొదట వడ్డించమంటారు. అలా కూర్చోవడం కోసమే వయసులో ఉన్నన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. తీరా కూర్చుని చుట్టూ చూస్తే అందరూ మంచివాళ్ళే, నేను కూర్చున్నందుకు ఉడుక్కునే మనిషి ఒక్కరూ లేరు.