బెయిలు పొడిగించిన నెలలు

జైలు లోపలికి వెళ్లి ఖైదీలతో మాట్లాడే అనుమతి నా చేతికి వచ్చిన వారంలోనే, కరోనా వల్ల జైలు తలుపులు బయటివాళ్లకు మూసేశారు. ఆ అనుమతి కోసం నేను ఎంతమంది అధికారుల ముందు ఎంత వినయంగా నిలబడ్డానో మా నాన్నకు తెలుసు. ఆయనది సూరత్‌లో, బమ్రోలి పేటలో కిరాణా కొట్టు. "సరుకు దిగేసరికి బజారు బందయింది బిడ్డా" అని నా పరిశోధన సంగతి ఒక్క మాటలో తేల్చేశాడు.

నేను ఆ కొట్లోనే పెరిగాను. చదవడం రాకముందే బేరం వచ్చింది. విశ్వవిద్యాలయానికి వెళ్లాక కూడా ఆ బుద్ధి పోలేదు. నా పరిశోధన విచారణ ఖైదీల మీద. శిక్ష పడకుండానే ఏళ్లు గడిపేవాళ్లు లోపల ఎలా బతుకుతారు, బయటి మనుషులతో బంధం ఎలా నిలుపుకుంటారు అన్నది విషయం. "బయటికి వదిలినవాళ్లను వెతుక్కో" అన్నారు మా గైడుగారు ఫోనులో. జైళ్లలో కిక్కిరిసి ఉండకూడదని కొందరిని తాత్కాలిక బెయిలు మీద పంపుతున్న రోజులవి. నేను లోపలికి పోనక్కర్లేకుండా లోపలి మనుషులే మా వీధికి వస్తున్నారు. ఊరంతా అంబులెన్సుల మోతలో ఉంటే నేను మాత్రం చవగ్గా గిట్టిందనుకున్నాను.

అలా దొరికిన మొదటి మనిషి మా కొట్లో సరుకులు కొనే సాంచాల కార్మికుడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. జగిత్యాల వైపు వాడు. కార్ఖానాలో జరిగిన కొట్లాటలో ఒకతని తల పగిలితే, పోలీసులు పట్టుకెళ్లిన నలుగురిలో ఇతనొకడు. ఏడాది పైన లోపల ఉండి వచ్చేసరికి గది ఖాళీగా ఉంది. లాక్‌డౌన్‌లో తిండికి జరగక భార్య పసి కూతుర్ని చంకనేసుకుని, ఊరివాళ్లు మాట్లాడుకున్న బస్సెక్కి వెళ్లిపోయింది. బెయిలు షరతు ప్రకారం ఇతను సూరత్ దాటకూడదు.

"జైల్ల ఉన్నప్పుడు అప్పుడప్పుడన్న వచ్చి కనబడేది అక్కా. ఇప్పుడు బయటున్న, కనబడది" అన్నాడు.

కొట్టు వెనక బియ్యం బస్తాల మధ్య, మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నాం. బేరంలో నాకు తెలిసిన పెద్ద విద్య ఊరుకోవడం. ధర చెప్పి నోరు మూసుకోవాలి. ముందు మాట్లాడినవాడు తగ్గుతాడు. మొదటి ప్రశ్న వేసి ఊరుకున్నాను. అతనూ ఊరుకున్నాడు. ముందు గదిలో నాన్న ఇద్దరికి పప్పు తూచి పంపేశాడు. చివరికి నేనే, "చాయ్ తాగుతవా అన్నా?" అన్నాను.

అతను నవ్వాడు. "బ్యారక్‌ల గిట్ల శానా కూసున్న. నాతోని నువ్వు గెల్వవక్కా."

తర్వాత తన ధర చెప్పాడు. అతని దగ్గర ఉన్నది పాత బటన్ల ఫోను. "అన్నీ చెప్త. గని నీ ఫోన్ల మా ఇంటామెను చూపియ్యాలె."

"మాట్లాడినంక."

"ముందుగాల."

"సగం మాట్లాడినంక."

"గంతే అయితే నేను పోత" అంటూ లేచాడు. నా విద్యే నా మీద వేశాడు. ముందే చూపించాను.

అవతల ఆడబిడ్డ ఫోను పట్టుకుంటే, అతని భార్య తెరమీదికి రాగానే అతను స్టూలు మీంచి లేచి, ఫోను మీదికి వంగి, కొట్టంతా దద్దరిల్లేలా అరిచాడు. "పాప మంచిగుందా? వకీలు ఫోన్ జేసిండా? అవ్వ దవఖానకు పోయిందా?"

"మంచిగుంది! చెయ్యలే! పోయింది!" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచింది.

అంతే, ఇద్దరూ ఆగిపోయారు. జైల్లో ఇంటివాళ్లను కలిసే ములాఖత్ అలాగే ఉంటుందని అతను తర్వాత చెప్పాడు. ఇనుప జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తుంటారు, ఉన్న కాసేపట్లో అవసరమైనవి ముందు అడిగేయాలి. "మెల్లగ మాట్లాడుకోండి, ఎంతసేపైనా ఫరవాలేదు" అన్నాను నేను. ఆమె కొంగు సర్దుకుంది. ఇతను బస్తా మీది పురికొస పీకాడు. ఎంతసేపైనా అంటే ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. నేను మాత్రం గబగబా రాసుకున్నాను.

బెయిలు గడువు దగ్గరపడ్డప్పుడు ఆమె వస్తానంది. "నువ్వొచ్చేసరికి నేను లోపలుంట. పెంచితే రా" అన్నాడు. పెంచారు. అయితే ఆ కబురు చేరి, ఆమె రైలు సంగతి కనుక్కునేలోగా మళ్లీ గడువు దగ్గరికొచ్చింది. "ఇంకోపారి పెంచుతరంట. అప్పుడైతే నిమ్మళంగ ఉండొచ్చు" అన్నాడు.

ఆ మాట అతనిది కాదు, మా కొట్టుది. కందిపప్పు ధర గురించి మాట్లాడుకున్నట్టే అక్కడ అందరూ అతని బెయిలు గురించి మాట్లాడేవాళ్లు. "బీమారి తగ్గుతలేదు, పెంచుతరు" అనేవాడు నాన్న. నూనె డబ్బాలు దించడానికి వచ్చే గుజరాతీ టోకు వ్యాపారి కూడా ఆగమనే చెప్పాడు. రేపు ఇంకా మంచి ధర వస్తుందనుకుంటే ఈరోజు ఎవరూ కదలని చోటు మాది. నేనూ అక్కడి మనిషినే కాబట్టి ఆగడం తెలివైన పనే అనిపించింది. మళ్లీ పెంచారు. మళ్లీ ఆగాడు.

ఒకసారి ఆమె తెరమీదే మండిపడింది. "పెంచితే రా, పెంచితే రా! పెండ్లాన్ని చూసుడు కూడ ధర జూసే చేస్తవా? ఆ కొట్ల కూసొని సేటువైనవ్ పో!"

"నీకు తెల్వదే, జర ఆగు."

"ఆగి ఆగి పాప నీ మొకం మర్సిపోయింది."

చలికాలంలో ఇక పెంచేది లేదన్నారు. లొంగిపోవాల్సిన తేదీ చెప్పారు. అప్పుడతనే "వచ్చెయ్" అన్నాడు. వెయిటింగ్ టికెట్‌తో రైలెక్కనివ్వని రోజులవి. ఆమెకు సీటు దొరికిన రైలు సరిగ్గా అతను లొంగిపోయే రోజు మధ్యాహ్నానికి సూరత్‌లోని ఉధ్నా స్టేషనుకు చేరేది. ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ బెయిలు మాటెత్తొద్దని వకీలు గట్టిగా చెప్పాడు.

ఆ రోజు జైలు గేటు దగ్గర అతనితో నేనున్నాను. సంచిలో రెండు జతల బట్టలు, కరోనా పరీక్ష కాగితం. రైలు దారిలో నందుర్బార్‌లో నిలబడిపోయిందని ఆమె ఫోను చేసింది. ఎండ తగ్గుతోంది. గేటు మూసే వేళయిందని లోపలినుంచి రెండుసార్లు కేకేశారు.

"అక్కా, నువ్వు బేరం మంచిగ జేస్తవ్ గద. ఒక్క గంట అడుగు" అన్నాడు.

హవల్దార్ దగ్గరికి వెళ్లాను. గంట అడిగాను. "యహా భావ్‌తాల్ నహీ హోతా, బెహన్" అన్నాడు. ఇక్కడ బేరాలుండవట. చిన్నపిల్ల వస్తోందన్నాను. పోనీ అరగంటన్నాను. నా ముఖం చూశాడో, అతని ముఖం చూశాడో, హవల్దార్ గేటు మూయకుండా దానికి వీపు తిప్పి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడగలడో అంతసేపూ నిలబడ్డాడు. నా జీవితంలో అంత కష్టమైన బేరం చేయలేదు, అంత పనికిరానిదీ చేయలేదు. చివరికి మా సాంచాల మనిషి రోడ్డు వైపు చూస్తూనే లోపలికి వెళ్లాడు.

ఆమె ఆటో దిగేసరికి చీకటి పడుతోంది. పాప భుజం మీద నిద్రపోతోంది.

"పోయిండా?"

"పోయిండు."

ఆమె గేటు వైపు చూడలేదు. పాపను ఇంకో భుజానికి మార్చుకుని, "ఈడ గదేమన్న దొరుకుతదా అక్కా?" అంది.

బమ్రోలికి తిరిగొస్తుంటే చెప్పాను, ములాఖత్‌లు ఇంకా బందేనని. పేషీలకు కూడా కోర్టుకు తీసుకురావడం లేదు, తెరమీదే చూపిస్తున్నారని. ఇక్కడున్నా కనబడడని నేరుగా అనలేక, చుట్టూ తిప్పి చాలాసేపు చెప్పాను.

"ఎరుకే అక్కా, వకీలు చెప్పిండు" అంది. "గా ఊర్లె ఉండి ఎదురుజూసుడు నాతోని కాదిగ. గీ ఊర్లెనే ఉంట."

మర్నాడు నాన్న ఆమెకు మా వీధి చివర ఒక గది చూపించాడు. కిటికీ లేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఒకసారి లోపలికి చూసి, సంచి దించింది.