చదివి వినిపించాకే

నిన్న మధ్యాహ్నం మా హిందూపురం కళాశాలలో నేనొక తప్పు చేశాను. నేతగాళ్ళ చరిత్ర గురించి చెబుతూ, నా ఫోనులో పట్టుకొచ్చిన ధర్మవరం ఓబులవ్వ ఏడుపు పాటను లౌడ్‌స్పీకర్‌లో వినిపించాను. పోయిన మనిషిని తిడుతూ ఏడవడం ఆ పాటల తీరు. "మగ్గం గుంతలో నన్నొదిలి యాడ పనుకుంటివి సోంబేరి మొగుడా!" అని అవ్వ గొంతు పలకగానే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ మనవరాలు లలిత మా విద్యార్థినే. సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నన్ను అవ్వ దగ్గరికి తీసుకువెళ్ళింది ఆ అమ్మాయే. పాటలు రాసుకుంటానని అవ్వకు చెప్పాను కానీ, నలుగురిలో వినిపిస్తానని చెప్పలేదు.

సాయంత్రం ధర్మవరం రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు, కాలిన బండల మీద అప్పుడే పడ్డ వాన వాసన కిటికీలోంచి వచ్చింది. శారదమ్మ మేడమ్ గుర్తొచ్చారు.

ఆమె మాకు చరిత్ర చెప్పేవారు. ఒకసారి పెనుకొండ కోటకు తీసుకువెళ్ళారు. రాజుల పేర్లు అడుగుతారని దారంతా వల్లె వేసుకుంటూ ఎక్కాం. ఆమె గోడ మీద చెయ్యి ఆనించి, "ఈ రాళ్ళు మోసినోళ్ళు ఏం పాడుకుంటా మోసినారో చెప్పండప్పా" అన్నారు. "అది సిలబస్‌లో లేదు మేడమ్" అన్నాను నేను. "అందుకే గదా అడుగుతాండేది" అని నవ్వారు. ఆ తర్వాత నాకు ఏ గోడా ఉత్త గోడలా కనబడలేదు.

ఆమెకొక నియమం ఉండేది. ఎవరి గురించి రాస్తే వాళ్ళింటికి వెళ్ళి, చదివి వినిపించాకే అచ్చుకు పంపేవారు. ఒకసారి ధర్మవరంలో ఒక నేతగాడి ఇంటికి నన్నూ వెంటబెట్టుకు వెళ్ళారు. ఆయన మగ్గం ఆపి అంతా విని, "బాగుండాది గానీ, మా ఇంట్లో పూట గడవడం కష్టమని రాసినావు సూడమ్మా, అది కొట్టెయ్. పిల్లకి సంబంధాలు సూస్తాండాం" అన్నాడు. మేడమ్ అక్కడే కొట్టేశారు. తిరిగి వస్తూ, "అది నిజమే కదా మేడమ్?" అన్నాను. "నిజమేనప్పా. నాది కాదు" అన్నారు.

ఈ రోజుల్లో చరిత్ర, సాహిత్యం, జానపదం చదివేవాళ్ళు ఒకరి వాకిట్లోకి ఒకరు వస్తున్నారు. పాటను, వంటను, చివరికి తిట్టును కూడా ఆధారంగా చూస్తున్నారు. ఏ శాసనంలోనూ పేరెక్కనివాళ్ళు ఇలాగే చరిత్రలోకి వస్తున్నారు. నేను బతుకుతున్నదీ ఆ చదువు మీదే. అయితే రాతి మీది అక్షరానికి సిగ్గు లేదు, బాధ లేదు. బతికున్న మనిషి గొంతుకు రెండూ ఉంటాయి. ఫోనులో పట్టిన గొంతు క్షణంలో ఊరు దాటిపోతుంది. మేడమ్ నియమం నాకు నోటికి వచ్చు. నిన్న తొందరలో అది నాకు అడ్డమనిపించింది.

ధర్మవరంలో అవ్వ ఇంటికి వెళ్ళేసరికి లలిత తలుపు తీసి, లోపలికి వెళ్ళిపోయింది. ఓబులవ్వ మగ్గానికి దారం కండెలు చుడుతోంది. "అవ్వా, నిన్ను అడక్కుండా నీ పాట అందరికీ వినిపించినాను. నవ్వినారు. నేనూ నవ్వినాను" అన్నాను.

"నవ్వితే నవ్వనీలే. ఆయప్పుంటే ఆయప్పే మొదలు నవ్వుతాండె. ఏదీ, నాకూ వినిపించు."

వినిపించాను. తిట్ల దగ్గర అవ్వ కూడా నవ్వింది. తర్వాత తిట్లు ఆగి, అవ్వ భర్త చివరిరోజు అన్నం అడిగిన సంగతి వచ్చింది. అవ్వ చేతిలో కండె ఆగిపోయింది.

"తిట్లు పెట్టుకో నాయనా. ఈ అన్నం మాట మాత్రం తీసెయ్. అది నాకూ ఆయప్పకూ."

ఆమె ఎదుటే ఆ ముక్కను ఫోనులోంచి తీసేశాను. ఈ ఉదయం కళాశాల కంప్యూటర్లోంచీ తీసేసి, అదే హాల్లో అదే పిల్లల ముందు నిలబడ్డాను. అడగకుండా వినిపించానని చెప్పాను. ఆ తిట్లు నవ్వుకోవడానికి కాదని, తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదని ఏడవడమని చెప్పాను. ముందుగా నవ్వు ఆపాల్సింది నేనేనని కూడా చెప్పాను. లలిత వెనక వరుసలో కూర్చుంది. నా వైపు చూడలేదు. లేచి మాత్రం వెళ్ళలేదు.